నటాషా వాళ్ళ నాన్న పేరేమిటి?

చెల్లీ,

కథ రాత్రే చదివేశాను. మాస్కో హాస్టల్లో మన కుర్రాడు చలికి వణుకుతూ పప్పుచారు కాచుకునే చోట కళ్ళు చెమర్చాయి. కానీ వాళ్ళ అనాటమీ టీచరు పేరు దగ్గర ఆగిపోయాను. నటాషా ఇవానోవ్ అని రాశావు. ఆడమనిషి కాబట్టి ఆవిడ ఇవానోవా అవ్వాలి. ఇవానోవ్ అంటే మొదట్లో 'ఇవాన్ వాళ్ళ' అనే అర్థం, మన 'సుబ్బయ్యగారబ్బాయి' లాంటిది, మగవాళ్ళకి ఒక తోక, ఆడవాళ్ళకి ఇంకో తోక. టాల్‌స్టాయ్ నవలలో కరేనిన్ గారి భార్య కరేనినా అయింది అందుకే.

అసలు తప్పు ఇంకోటుంది. మనవాడు ఆవిడతో రష్యన్‌లో మాట్లాడుతూ కూడా 'నటాషా మేడమ్' అంటాడు. నటాషా అని ఇంట్లోవాళ్ళు, స్నేహితులు పిలుస్తారు, పూర్తి పేరు నతాలియా. స్టూడెంట్లు టీచర్ని పిలవాలంటే దాని పక్కన తండ్రి పేరు చేర్చాలి: తండ్రి సెర్గేయ్ అయితే నతాలియా సెర్గేయెవ్నా, ఇల్యా అయితే నతాలియా ఇల్యీనిచ్నా. అంటే ఆవిడ తండ్రెవరో నీకు తెలిస్తే తప్ప నీ కుర్రాడు క్లాసులో ఆవిణ్ణి మర్యాదగా పిలవలేడు!

ఇంటిపేరుకి ఆడ తోక తగిలించే ఈ పద్ధతిని రష్యన్‌కి దగ్గరి భాషలు మాట్లాడే స్లావ్ దేశాలన్నిటికీ అంటగట్టకు. పోలండ్‌లో ఒకప్పుడు నోవాక్ భార్య నోవకోవా, పెళ్ళికాని కూతురు నోవకూవ్నా. ఇప్పుడు మామూలుగా ఆడవాళ్ళూ నోవాకే. చెక్ దేశంలో నోవాకోవా అనేదే వాడుక, అయితే 2022 నుంచి ఆడవాళ్ళు కోరుకుంటే ఆ తోక లేకుండా నోవాక్ అనే రాయించుకోవచ్చు.

ఇక రష్యాలో ఆడపిల్లలకి పెట్టే పేర్లంటావా, వేరా, నదేజ్దా, ల్యుబోవ్ అంటే విశ్వాసం, ఆశ, ప్రేమ, మూడూ గ్రీకు పేర్లకి అనువాదాలు. నాకు మాత్రం స్వెత్లానా అంటే ప్రాణం. 'స్వెత్' అంటే వెలుగు, మన 'శ్వేత'కి చుట్టం. ఆ పేరు 19వ శతాబ్దం మొదట్లో కవులు కల్పించింది! 1813లో అచ్చయిన, కవి జుకోవ్‌స్కీ రాసిన గాథతో అందరి నోళ్ళలో పడింది. పునీతుల జాబితాలో లేదని చర్చి ఆ పేరుతో జ్ఞానస్నానం ఇవ్వలేదు, సోవియట్ కాలంలో మాత్రం ఇంటింటా స్వెత్లానాలే. కవులు కల్పించిన పేరుతో లక్షలమంది తల్లులు కూతుళ్ళని పిలుచుకున్నారంటే, రాసేవాళ్ళం మనకి ఒళ్ళు పులకరించదూ?

టీచరుకి అరవై ఏళ్ళని రాశావు. ఆ వయసువాళ్ళలో స్వెత్లానాలు బోలెడంతమంది. పేరు మారుస్తావో లేదో నీ ఇష్టం, మళ్ళీ పంపేటప్పుడు మాత్రం వాళ్ళ నాన్న పేరేమిటో తేల్చుకుని పంపు.

మీ అన్నయ్య