ఒక్క పాటతో పది రోజులు: మేనకోడలికి ఉత్తరం

అమ్మడూ,

నర్సరీ పిల్లలకి రోజుకో కొత్త పాట నేర్పాలేమోనని టెన్షన్ పడుతున్నావు కదా. అవసరం లేదు. ఒక్క పాట తీసుకుని పది రోజులు దానితోనే ఉండు. 'చిట్టి చిలకమ్మా' చాలు. పిల్లలు విసుగెత్తిపోతారని భయపడకు. ఆ వయసు వాళ్ళకి తెలిసిన పాట మళ్ళీ రావడమే సంతోషం.

మొదటి రెండు రోజులు చార్టు, పలక ఏవీ బయటికి తీయకు. కింద వాళ్ళతో పాటు గుండ్రంగా కూర్చుని చేతులు ఆడిస్తూ పాడు. నోరు విప్పని పిల్లలుంటారు, వాళ్ళని లేపి పాడమనకు. వాళ్ళ చేతులు చూడు. పండు కోసినట్టు చెయ్యి ఆడుతోందంటే పాట లోపలికి వెళ్తున్నట్టే.

మూడో రోజు చప్పట్లు మొదలుపెట్టు, అక్షరానికి ఒకటి. 'చిట్టి చిలకమ్మా'కి ఆరు వస్తాయి. తర్వాత 'అమ్మ కొట్టిందా' నుంచి 'గూట్లో పెట్టావా' దాకా ప్రతిదానికీ ఐదే. ఈ సంగతి నువ్వు చెప్పకు, వాళ్ళే పట్టుకోనీ. 'గుటుక్కున మింగావా' దగ్గర ఏడు వచ్చేసరికి చప్పట్లు తడబడి గోల చేస్తారు, చెయ్యనీ. ఆ తర్వాత ఎవరి పేరుకి ఎన్ని చప్పట్లో చూసుకోమను. మాటని అక్షరాలుగా విడదీసి వినడం ఇక్కడే అలవాటవుతుంది. చదువుకి ఇది చాలా ముఖ్యం. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ బ్రయంట్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్ళ వయసులో ఇలాంటి పాటలు బాగా తెలిసిన పిల్లలు తర్వాత చదవడంలో కూడా ముందున్నారని తేలింది. అందుకని పాటల పీరియడ్‌ని ఎవరైనా కాలక్షేపం అంటే ఒప్పుకోకు.

ఇక ఈ పాటలో అసలు నిధి ప్రశ్నలు. పాటంతా ప్రశ్నలే, జవాబు ఒక్కటీ లేదు. ఒక పాపని చిలకమ్మని చేసి నువ్వు అడుగు: "తోటకెళ్ళావా?" "వెళ్ళాను." "పండు తెచ్చావా?" "తెచ్చాను." ఇక్కడ ఆగి ఏ పండు, ఎవరికి దాచావు, బరువుగా ఉందా అని అడుగు. "తేలేదు" అందనుకో, ఇంకా మంచిది, ఎందుకు తేలేదో కథ మొదలవుతుంది. రెండు రోజులయ్యాక ప్రశ్నలు వాళ్ళనే వెయ్యమను. "నీళ్ళు తాగావా?", "ఎగిరెళ్ళావా?" అని పాటకి కొత్త వరుసలు వాళ్ళే కడతారు. ఈ ఆటకి ఎంత సమయమైనా ఇవ్వు, మిగతావి తగ్గినా ఫర్వాలేదు.

'అమ్మ కొట్టిందా' అనే మాట మార్చాలా అని అడిగావు. నేనైతే మార్చను. కానీ అక్కడ కళ్ళు తెరిచి ఉండు. "మా అమ్మా కొట్టింది" అని ఎవరైనా అంటే నవ్వెయ్యకు, అందరి ముందూ ఆరా తియ్యకు. "నొప్పేసిందా నాన్నా?" అని దగ్గరికి తీసుకో. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు వాళ్ళు చెప్పేది విను. పాట వచ్చిన ప్రతిసారీ ముడుచుకుపోయే పిల్ల ఉంటే మీ హెడ్ టీచర్‌కి చెప్పు, నీలో దాచుకోకు.

తోట, పండు, గూడు, నోరు బొమ్మలు నాలుగు గీసి కలిపేసి వరుసలో పెట్టమను. ముందే మింగేస్తే గూట్లో ఏం పెడుతుందని అడుగు. నేల మీద సుద్దతో తోట, గూడు గీసి బంతులు మోయించు, లెక్క అందులోనే వస్తుంది. ఒకేసారి నలుగురైదుగురిని మించి పంపకు, ఒకరి మీద ఒకరు పడతారు.

చిలక బొమ్మ గీయించేటప్పుడు అందరికీ ఒకే అచ్చు ఇచ్చి రంగు పులమమనకు. ముందు నిజం చిలక ఫోటో చూపించు. ముక్కు కొక్కెంలా వంగి ఉంటుంది, కాలికి రెండు వేళ్ళు ముందుకీ రెండు వెనక్కీ ఉంటాయి. అందుకే పండుని కాలితో పట్టుకుని తినగలదు. చాలా చిలకలు పుల్లలతో గూడు కట్టవు, చెట్టు తొర్రలో కాపురం పెడతాయి. ఇది విన్నాక వాళ్ళు గీసే గూడు చూడు, ఎంత మారుతుందో.

అక్షరాలు దిద్దించడం ఈ పది రోజుల్లో పెట్టుకోకు. పిల్లలు కట్టిన కొత్త వరుసలు మాత్రం ఎవరివి వాళ్ళ పేరుతో ఒక నోటుబుక్కులో రాసి ఉంచు. అవి నాకూ పంపు, చదవాలని ఉంది.

మీ అత్తయ్య