తమ్ముడు అన్నిటికీ ‘అవును సార్’ అంటాడు, కేసులో ఇరుక్కున్నాడు

ప్రశ్న: మా తమ్మునికి ఇరవై ఒకటి. బండి దొంగతనం కేసులో పట్టుకుపోయినారు. ‘ఇంకా ఎన్ని ఎత్తినావ్‌రా, రెండా మూడా’ అని అడిగితే ‘మూడు సార్’ అన్నాడంట. వానికి గేరు బండి తోలడమే రాదు! బెయిలు మీద వచ్చి రెండు వాయిదాలు మర్చిపోయినాడు, ఇప్పుడు వారెంటు వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఇంతే, డబ్బు లెక్క తెలీదు, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోతాడు. మాటలు మాత్రం బాగా చెప్తాడు. వాడు కడుపులో ఉన్నప్పుడు అమ్మ క్వారీ పనికి పోతా రోజూ సారా తాగేది. దానివల్ల కూడా కావచ్చని ఈమధ్య ఒక డాక్టరమ్మ అనింది. ఇది కోర్టులో చెప్పొచ్చా? అమ్మను తప్పు పడతారేమోనని టెన్షన్.
– ఒక అక్క, కర్నూలు జిల్లా

జవాబు: చెప్పాలమ్మా. కాకపోతే ముందు వారెంటు సంగతి చూడండి. పోలీసులు వచ్చి పట్టుకునేదాకా ఆగకుండా వాణ్ని మీరే వెంటబెట్టుకుని కోర్టుకు పోయి, వకీలుతో రీకాల్ పిటిషన్, అంటే వారెంటు రద్దు చేయమనే అర్జీ, వేయించండి.

డాక్టరమ్మ చెప్పినదాన్ని ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అంటారు. కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు తల్లి తాగిన మందు దాన్ని దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ జీవితాంతం ఉంటుంది. కొందరికి పైపెదవి పల్చగా, ముక్కు కింద గాడి చదునుగా ఉంటుంది గానీ చాలామందికి మొహంలో ఏమీ కనబడదు. చిక్కంతా అక్కడే. మాట చక్కగా ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్లు అంతా అర్థమైందనే అనుకుంటారు. గుర్తులేని చోట ఏదో ఒకటి కల్పించి చెప్తారు, అది అబద్ధమని వాళ్లకే తెలీదు. గట్టిగా అడిగితే అడిగినవాడికి నచ్చే జవాబు ఇచ్చేస్తారు. మీవాడి ‘మూడు సార్’ అలాంటిదే కావచ్చు.

న్యూజిలాండ్‌లో టెయినా పోరా అనే కుర్రాడు 1992 నాటి హత్య తానే చేశానని పోలీసులకు చెప్పాడు, ఆ ఇల్లు ఎక్కడో మాత్రం చూపించలేకపోయాడు. అయినా శిక్ష పడింది, ఇరవై ఏళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. చివరికి 2015లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అనే పై కోర్టు ఈ జబ్బు వల్లే ఆ ఒప్పుకోలు నమ్మడానికి లేదని శిక్ష కొట్టేసింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక బాల నేరస్తుల కేంద్రంలో 99 మందిని పరీక్షిస్తే 36 మందికి ఇదే తేలింది. మన దగ్గర అడిగేవాళ్లే తక్కువ.

పోలీసుల ముందు ఒప్పుకున్నది మన చట్టంలో సాక్ష్యం కాదు, భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చింది) 23వ సెక్షన్ అదే చెప్తుంది. కానీ వాడు చెప్పిన మాట మీద వస్తువు దొరికిందని మధ్యవర్తుల రిపోర్టు (పంచనామా) రాస్తే ఆ మేరకు పనికొస్తుంది, ఆ కాగితం వకీలు జాగ్రత్తగా చూడాలి. మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలమైతే ఇంకా ప్రమాదం. ‘ఒప్పుకోవాల్సిన పని లేదు, ఒప్పుకుంటే నీమీదే వాడతారు, అర్థమైందా’ అని ఆయన అడుగుతారు, మీవాడు ‘అర్థమైంది సార్’ అంటాడు! అందుకే ఏం అర్థమైందో వాడి మాటల్లోనే చెప్పించమని వకీలు ముందే కోర్టును కోరాలి.

దీంతో కేసే కొట్టేస్తారని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 22వ సెక్షన్ కింద మతిస్థిమితం లేదని తప్పించుకోవాలంటే చేసే పనేమిటో, అది తప్పో ఒప్పో తెలుసుకోలేని స్థితి రుజువు కావాలి, మీవాడి విషయంలో అది కష్టమనే నా అభిప్రాయం. పనికొచ్చేది వేరే చోట. వాయిదా ఎగ్గొట్టింది పొగరుతో కాదని చూపించడానికి, బెయిలు షరతులు తేలిక చేయించుకోవడానికి, ఒకవేళ నేరం రుజువైనా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలు తప్పించమని అడగడానికి.

కర్నూలు పెద్దాసుపత్రి మానసిక విభాగంలో చూపించండి. ఐక్యూ (తెలివితేటల పరీక్షలో వచ్చే అంకె) డెబ్బై దాటిందంటే ‘బాగానే ఉన్నాడు’ అని పంపేస్తారు, కాబట్టి డబ్బు, టైము, రోజువారీ పనులు ఎలా చేసుకుంటాడో కూడా రాయమని అడగండి. స్కూల్లో వాడికి చదువు చెప్పిన సార్లు ఎవరైనా ఉంటే వాళ్ల మాటా తీసుకోండి.

అమ్మ గురించా? ఆమె మీద కేసేమీ రాదు. తాగిన సంగతి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పమనండి, అది లేకుండా ఈ జబ్బు తేల్చడం కష్టం. క్వారీలో ఒళ్లు హూనమయ్యే ఆడవాళ్లకు అప్పట్లో ఈ సంగతి ఎవరు చెప్పారు లెండి.

వకీలు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వైకల్యం ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును పెడతారు. ఇక వాయిదా తేదీ వాడికి చెప్పి ఊరుకోవద్దు, ఆ రోజు పొద్దున మీరే లేపి తీసుకుపోండి.