వలసవాళ్ళపై చిన్నచూపు గురించి తీసిన సినిమాలు మనుషుల్ని మారుస్తాయా?

మార్చవు. ఈ ప్రశ్న అడిగినవాళ్ళు తప్పక చూడవలసిన సినిమా ఒకటి కూడా చెప్పమన్నారు. జర్మన్ దర్శకుడు ఫాస్‌బిండర్ 1974లో తీసిన ‘ఆలీ: ఫియర్ ఈట్స్ ద సోల్’ చూడండి. మనుషులు ఎందుకు మారరో అంత సూటిగా చెప్పిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

కథ చిన్నది. మ్యూనిక్‌లో పాచిపని చేసుకుని బతికే ఎమ్మీ అనే అరవై ఏళ్ళ వితంతువు, తనకంటే బాగా చిన్నవాడైన మొరాకో మెకానిక్‌ను పెళ్ళాడుతుంది. కొడుకు కోపంతో ఆవిడ టీవీని తన్ని పగలగొడతాడు. ఆలీ జర్మన్‌లోనే అడిగినా అర్థం కానట్టు నటించి, కిరాణా కొట్టువాడు సరుకు ఇవ్వడు. ఇంతవరకూ ఎవరైనా తీయగలరు. మొగుడూ పెళ్ళాలు ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చాక మొదలవుతుంది అసలు సంగతి. అందరూ మంచివాళ్ళయిపోతారు! పొరుగామెకు సామాను దాచుకోవడానికి నేలమాళిగలో చోటు కావాలి. కొడుక్కి బిడ్డను చూసుకునే మనిషి కావాలి. కొట్టువాడికి పోయిన ఖాతా కావాలి.

చిన్నచూపుకు ద్వేషమే మూలమని అందరూ రాస్తారు. నేను ఒప్పుకోను. అది బేరం. పశ్చిమ జర్మనీ పనివాళ్ళు చాలక 1961లో టర్కీతో, 1963లో మొరాకోతో ఒప్పందాలు చేసుకుని మనుషుల్ని రప్పించుకుంది. 1973లో ఇక చాలంది. మా గోదావరి డెల్టాలో దాళ్వా (రెండో పంట) ఊడ్పుల రోజుల్లో వచ్చి చూడండి. బెంగాలీ కూలీల ముఠా కోసం రైతులు స్టేషనుకు ఎదురెళతారు, ఉండటానికి షెడ్డు, వంటకు బియ్యం, పొద్దున్నే టీ. నాట్లు అయ్యాక ఊళ్ళో ఎవరి సైకిలు కనబడకపోయినా ముందు ఆ షెడ్డులోనే వెతుకుతారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత గోదావరి ఒడ్డునే పుట్టిందని నా గట్టి నమ్మకం. రుజువు అడగకండి.

ఇక మా పిన్ని. రాజోలు దగ్గర చాలామంది ఆడవాళ్ళలాగే ఆవిడా కువైట్ వెళ్ళి ఏళ్ళ తరబడి ఇంటిపని చేసి వచ్చింది. ఆ డబ్బుతోనే మేడ కట్టింది, కూతురి పెళ్ళి చేసింది. నేను ఈ సినిమా పెట్టగానే మొదట్లో, ఎమ్మీ వానకు బారులోకి వచ్చే చోట, ఒక అరబ్బీ పాట వస్తుంది. వంటింట్లోంచి పిన్ని చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. ఇక కదలలేదు. ఆలీ తన దేశపు కూస్‌కూస్ చేసిపెట్టమంటే ఎమ్మీ కుదరదంటుంది. అక్కడ పిన్ని కళ్ళు తుడుచుకుంది. తను చారు కాచుకుంటే ఇల్లంతా కంపు అని మేడమ్ గిన్నెతో సహా బయట పెట్టించేదట. చివర్లో ఆలీ కడుపులో పుండు ముదిరి పడిపోతాడు, పరాయి దేశాల పనివాళ్ళకు ఇది తరచుగా వచ్చేదేనంటాడు డాక్టరు. “నేనక్కడ అన్నం కంటే గ్యాస్ మాత్రలే ఎక్కువ మింగాను” అంది పిన్ని. కానీ సినిమా మీద ఆవిడ తీర్పు మాత్రం వేరు. ఆ వయసులో ఆవిడకు పెళ్ళేమిటి, అదీ అంత చిన్నవాడితో? వాడిది ఏ దేశమన్నది పిన్నికి పట్టనే లేదు.

ఆ మరుసటి ఆదివారమే రొయ్యల ప్లాంటులో పనిచేసే బెంగాలీ కుర్రాడొకడు భార్యను వెంటబెట్టుకుని పెరటి వాటా అద్దెకు అడగడానికి వచ్చాడు. హిందీలో అడిగాడు. కువైట్‌లో డ్రైవర్లతో, కొట్లవాళ్ళతో మాట్లాడి మాట్లాడి పిన్ని హిందీ ధారాళంగా నేర్చుకుంది. అయినా నా వైపు తిరిగి, “ఏమంటున్నాడురా వీడు?” అంది. నేను చెప్పాను. “వీళ్ళు ఆవనూనెతో వండుతారు, ఆ వాసన గోడలకు పట్టేస్తుంది, కుదరదని చెప్పు” అంది. ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి చెప్పుల వైపు చూస్తోంది. కుర్రాడు మాత్రం వదల్లేదు, అడ్వాన్సు ఇప్పుడే ఇస్తానని జేబులో చెయ్యి పెట్టాడు. ఆ వాటా సంక్రాంతి నుంచి ఖాళీగా పడి ఉంది. పిన్ని హిందీ అక్కడికక్కడే తిరిగొచ్చింది! మనవాళ్ళకు చెప్పే అద్దె కంటే వెయ్యి ఎక్కువ చెప్పి, చుట్టాలు రాకూడదని, మోటారు పొద్దున ఒక్కసారే వేస్తానని షరతులన్నీ హిందీలోనే చదివింది. వాళ్ళు వెళ్ళాక చారు గిన్నె సంగతి గుర్తుచేశాను. “అది వేరు, ఇది వేరు” అని లోపలికి వెళ్ళిపోయింది. సినిమాలో ఎమ్మీ కూడా అంతే. తనను వెలివేసిన తోటి పనివాళ్ళతోనే చేరి, కొత్తగా వచ్చిన యుగొస్లావియా అమ్మాయిని వెలివేస్తుంది.

మన సినిమావాళ్ళకు ఇలాంటి కథలు పట్టవు. బీహారువాడంటే కిరాయి హంతకుడు, గోదావరివాడంటే వెటకారం, అక్కడితో సరి. కోస్తా నుంచి వేలాదిమంది రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళి రేవులో మూటలు మోశారు. 1930 మే నెలలో ఆ తెలుగు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మావాళ్ళను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నాయి. దానితో మొదలైన దాడుల్లో మనవాళ్ళు ఎందరో చచ్చిపోయారు. రెండు వైపులా కూలీలే, బేరం చేసినవాళ్ళ ఒంటి మీద దెబ్బ పడలేదు. ఇంత కథ ఉంచుకుని మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ కోడిపందేలే తీస్తారేం?

సినిమా నిడివి గంటన్నరే. తెలుగు సబ్‌టైటిళ్ళతో నాకు ఎక్కడా దొరకలేదు. పెద్దవాళ్ళతో కూర్చుంటే మొదటి నుంచి చివరి దాకా మీరే చదివి చెప్పాలి, పక్కన మజ్జిగ చెంబు పెట్టుకోండి.