గురులఘువులు వేస్తే ఎనిమిదీ గురువులే వచ్చాయి

మీరు అడిగింది రాబర్ట్ ఫ్రాస్ట్ ఇంగ్లీషు కవిత ‘స్టాపింగ్ బై ఊడ్స్ ఆన్ ఎ స్నోయీ ఈవెనింగ్’ గురించి, మంచు కురిసే సాయంత్రం ఒకతను అడవి పక్కన ఆగి చూడటం గురించిన కవిత. గైడ్‌లో ‘ఐయాంబిక్ టెట్రామీటర్, మూడ్: ప్రశాంతం’ అని మాత్రమే ఉంది, ఇంకేం రాయాలి అన్నారు. డిగ్రీలో నాదీ ఇదే టెన్షన్.

స్కూల్లో గణవిభజన చేసిన అలవాటు కొద్దీ దీనికీ గురులఘువులు వేశాను. ‘హూజ్ ఊడ్జ్ దీజ్ ఆర్ ఐ థింక్ ఐ నో’. ఎనిమిదీ గురువులే! ఇంగ్లీషులో లెక్క ఊనికది, అంటే స్ట్రెస్‌ది. బల్ల మీద వేలితో కొడుతూ చదవండి: దెబ్బ ఊడ్జ్, ఆర్, థింక్, నో మీద పడుతుంది. ‘హూజ్’ దీర్ఘమే అయినా తేలిపోతుంది. తేలిక, బరువు, తేలిక, బరువు... మన లగం (లఘువు, గురువు) లాంటి జంటలు నాలుగు, ఐయాంబిక్ టెట్రామీటర్ అంటే ఇదే. 16 పాదాలదీ ఇదే నడక.

దాన్ని రెండు వాక్యాల్లో ముగించి అంత్యప్రాస మీద పడండి, అసలు పనితనం అక్కడుంది. మొదటి చరణంలో నో, దో, స్నో కలుస్తాయి, ‘హియర్’ ఒంటరిగా మిగులుతుంది. రెండో చరణం దాన్నే అందుకుంటుంది: క్వియర్, నియర్, ఇయర్. అక్కడ మిగిలిన ‘లేక్’ని మూడోది పట్టుకుంటుంది, అంత్యాక్షరి ఆడినట్టు. చివరి చరణంలో డీప్, కీప్, స్లీప్, మళ్లీ స్లీప్. అందుకోవడానికి కొస మిగల్లేదు. నోరు వెళ్లాలంటోంది, ప్రాస మాత్రం అక్కడే ఆగిపోయింది. ‘మైల్స్ టు గో బిఫోర్ ఐ స్లీప్’ మొదటిసారి ఇంటిదారి మాటలా ఉంటుంది. రెండోసారి వినేసరికి ఇది మామూలు నిద్రేనా అనిపిస్తుంది. అందుకే గైడ్ చెప్పిన ‘ప్రశాంతం’ నాకు సగమే ఒప్పు.

మాటలన్నీ ఒకటి రెండు సిలబుల్స్‌వే. మూడున్నది ఒక్క ‘ప్రామిసెస్’. అడవి దగ్గర ఆగిన ఆ మనిషిని వెనక్కి లాగుతున్నదీ అదే. (1922లో ఈ మంచు కవిత రాసింది జూన్ నెలలో!)

‘లవ్లీ, డార్క్ అండ్ డీప్’ దగ్గర కామాలు చూడండి. ‘డార్క్’ తర్వాత కామా 1969 సంకలనంలో ఎడిటర్ చేర్చింది. అది లేకపోతే చీకటీ లోతే అడవి అందం. ఉంటే అవి విడివిడిగా మూడు గుణాలు. మీ పుస్తకంలో ఏది ఉందో చూసుకుని, మూడ్ గురించి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.