కళ్ళెం తెగిన వేట: మంత్రగత్తెల విచారణలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల మీద దాడి జరిగిన వార్త చదివినప్పుడల్లా ఇదంతా చదువు లేకపోవడం వల్లనే అనుకునేదాన్ని. అయితే 1645లో ఇంగ్లండులో, రాజుకూ పార్లమెంటుకూ మధ్య యుద్ధం సాగుతున్న రోజుల్లో, రెండేళ్ళ వ్యవధిలో వందమంది దాకా మంత్రగత్తెలన్న ఆరోపణ మీద ఉరితీశారని ఈమధ్య చదివాను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతంలోనే అది ఎలా జరిగింది? అంతర్యుద్ధానికీ మతకలహాలకూ దీనితో సంబంధం ఏమిటి?
– మెదక్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివినది నిజమే. అయితే యుద్ధం వల్ల జనంలో మూఢనమ్మకం పెరిగిందని, అందుకే వేట మొదలైందని అనుకుంటే సగమే అర్థమవుతుంది. నమ్మకం అంతకు చాలా ముందునుంచీ ఉన్నదే. మంత్రవిద్యతో మనిషిని చంపితే ఉరిశిక్ష అని ఎలిజబెత్ రాణి కాలంలో, 1563లో చట్టం వచ్చింది. దుష్టశక్తులను పిలవడమూ పోషించడమూ కూడా మరణశిక్షకు తగిన నేరమేనని 1604లో మొదటి జేమ్స్ కాలపు చట్టం దాన్ని మరింత కఠినం చేసింది. 1736లో రద్దయ్యేదాకా ఆ నేరం చట్టంలో ఉండనే ఉంది. ఆ కాలమంతటిలోనూ ఇంగ్లండులో ఉరితీసినవారు దాదాపు 500 మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. వారిలో ఇంచుమించు అయిదోవంతు 1645–47 మధ్య తూర్పు జిల్లాల్లోనే చనిపోయారు. చట్టం పాతదే, నమ్మకమూ పాతదే అయినప్పుడు ఆ రెండేళ్ళలో కొత్తగా ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు దొరకాలంటే పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళి, 1634లో లాంకషైర్‌లో నడిచిన ఒక కేసును చూడాలి. ఎడ్మండ్ రాబిన్సన్ అనే పదేళ్ళ పిల్లవాడు, మంత్రగత్తెలు తనను ఎత్తుకుపోయారని, వాళ్ళంతా ఒకచోట చేరి విందు చేసుకోవడం కళ్ళారా చూశానని చెప్పాడు. ఊళ్ళు అట్టుడికాయి. స్థానిక జ్యూరీ పదిహేనుమందికి పైగా నేరస్థులేనని తీర్పు చెప్పింది. ఉరి ఒక్కటే మిగిలింది. కాని విచారణ జరిపిన న్యాయమూర్తులకు అనుమానం వచ్చి, శిక్ష అమలు చేయకుండా విషయాన్ని లండనులోని ప్రివీ కౌన్సిల్‌కు, అంటే రాజు సలహామండలికి, నివేదించారు. చెస్టర్ బిషప్ వెళ్ళి నిందితులను ప్రశ్నించాడు. నలుగురు స్త్రీలను లండనుకు రప్పించి, రాజవైద్యుడు విలియం హార్వే పర్యవేక్షణలో శస్త్రవైద్యులూ మంత్రసానులూ పరీక్షించారు. గుండె శరీరమంతటికీ రక్తాన్ని ఎలా ప్రసరింపజేస్తుందో నిరూపించిన హార్వే ఆయనే. ఆ స్త్రీల ఒంటిమీద దయ్యపు గుర్తులేమీ కనబడలేదు. పిల్లవాణ్ణి తండ్రికి దూరంగా ఉంచి అడిగితే, పశువులను ఇంటికి తోలుకురావడం ఆలస్యమైందని, దెబ్బల భయంతో కథ అల్లానని ఒప్పుకున్నాడు. నిందితుల్లో కొందరు అప్పటికే జైలులో మగ్గి చనిపోవడం విచారకరమే అయినా, ఒక్కరినీ ఉరితీయలేదు.

ఇక్కడ ఊరి జనానికి, జ్యూరీకి నమ్మకం ఏమీ తక్కువ లేదు. ప్రాణాలు కాపాడింది వారి పైన ఉన్న వ్యవస్థ. ఏడాదికి రెండుసార్లు లండను నుంచి అనుభవజ్ఞులైన న్యాయమూర్తులు జిల్లాలకు వచ్చి అసైజ్ కోర్టులు జరిపేవారు. ఏ ఊరి పగలతోనూ వాళ్ళకు సంబంధం లేదు. వాళ్ళ పైన ప్రివీ కౌన్సిల్, మరోపక్క బిషప్పులు ఉండేవారు. ప్రివీ కౌన్సిల్ ప్రత్యేక అనుమతి లేనిదే నిందితుణ్ణి హింసించకూడదన్నది అక్కడి న్యాయ సంప్రదాయం. 1642 ఆగస్టులో మొదటి చార్లెస్ రాజు నాటింగ్‌హామ్‌లో యుద్ధ పతాకం ఎగరవేశాక ఈ కళ్ళేలన్నీ ఒక్కొక్కటిగా తెగిపోయాయి. కౌన్సిల్ రాజుతో వెళ్ళిపోయింది, బిషప్పుల అధికారం కూలిపోయింది, న్యాయమూర్తుల పర్యటనలు సరిగా సాగలేదు. 1645 జూలై 17న ఎసెక్స్ జిల్లా చెమ్స్‌ఫర్డ్‌లో ముప్పైమందికి పైగా నిందితుల విచారణకు అధ్యక్షత వహించినది వృత్తి న్యాయమూర్తి కాదు, పార్లమెంటు నౌకాదళానికి అప్పటిదాకా అధిపతిగా ఉన్న వారిక్ ప్రభువు. నేస్‌బీలో రాజు సైన్యం ఓడిపోయి అప్పటికి అయిదు వారాలు కూడా కాలేదు. ఆ పక్కన కూర్చున్న స్థానిక మేజిస్ట్రేట్లలో కొందరు ఆ కేసుల్లో మొదటి వాంగ్మూలాలు తీసుకున్నవారే. సుమారు 19 మందికి ఉరి పడింది.

ఆ కేసుల మూలం మానింగ్‌ట్రీ అనే చిన్న రేవు పట్టణంలో ఉంది. ఒక దర్జీ, తన భార్య జబ్బుకు ఎలిజబెత్ క్లార్క్ అనే పేద ముసలామె కారణమని ఫిర్యాదు చేశాడు. ఆమెకు ఒక కాలు లేదు. మాథ్యూ హాప్‌కిన్స్ అనే పాతికేళ్ళ యువకుడు, జాన్ స్టెర్న్ అనే భూస్వామి ఆమెను కాపలా కాసే పని మీద వేసుకున్నారు. కాపలా అంటే రాత్రులకు రాత్రులు నిద్రపోనీయకుండా కూర్చోబెట్టి, ఆమె పోషిస్తున్న పిశాచాలు ఏ రూపంలో వస్తాయోనని కనిపెట్టుకుని ఉండడం. ఇంగ్లండు నమ్మకానికి ఉన్న ప్రత్యేకత ఇది: మంత్రగత్తె దగ్గర పిల్లి, కుక్క, కుందేలు రూపాల్లో చిన్న పిశాచాలు ఉంటాయని, ఆమె ఒంటిమీది మచ్చనుంచి రక్తం తాగుతాయని అనుకునేవారు. కొన్ని రాత్రుల తరువాత ఎలిజబెత్ క్లార్క్ ఆ పిశాచాల పేర్లు చెప్పింది. వాటిలో ఒకటి వినెగర్ టామ్. ఆ తరువాత ఇతర స్త్రీల పేర్లూ చెప్పింది. నిద్ర లేని మనిషికి కళ్ళముందు లేనివి కనబడతాయని, అడిగినవాళ్ళు వినదలచుకున్నదే నోటివెంట వస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. దెబ్బ కొట్టలేదు కాబట్టి అప్పటివాళ్ళు దాన్ని హింస అనుకోలేదు. రెబెకా వెస్ట్ అనే యువతి తన తల్లి యాన్ వెస్ట్ మీదే సాక్ష్యం చెప్పింది. కూతురు విడుదలైంది, తల్లికి ఉరి పడింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే.

ఇక మతం సంగతి. తూర్పు జిల్లాలు పార్లమెంటు పక్షానికి గట్టి కోట, ప్యూరిటన్లకు పుట్టిల్లు. చర్చిలో మిగిలిన పాత కాథలిక్ ఛాయలన్నిటినీ తుడిచిపెట్టాలన్నది ప్యూరిటన్ల పట్టుదల. 1643 డిసెంబరులో విలియం డౌసింగ్ అనే వ్యక్తికి పార్లమెంటు సేనాపతి మాంచెస్టర్ ప్రభువు నుంచి అధికారపత్రం అందింది. అతను కేంబ్రిడ్జి, సఫక్ ప్రాంతాల్లో ఊరూరా తిరిగి చర్చిలలోని విగ్రహాలనూ రంగుటద్దాల కిటికీలనూ పగలగొట్టించాడు. మరుసటి ఏడు రాజపక్షపాతులనో, దుర్నడత గలవారనో పేరుపెట్టి మతగురువులను కొలువులనుంచి తొలగించారు. వారిపై సాక్ష్యం చెప్పడానికి ఊరివాళ్ళనే పిలిచారు. మంత్రగత్తెలను వెదికేవాళ్ళు వచ్చింది ఆ మరుసటి ఏడు, చాలావరకు అదే ప్రాంతానికి. పొరుగువాడిలో దాగిన దైవద్రోహాన్ని పసిగట్టి అధికారులకు చెప్పడం పుణ్యకార్యమని జనానికి అప్పటికే అలవాటైపోయింది. పైగా 1643–44లో పెద్దలైన మగవారందరూ దేవుని ఎదుట ఒక ప్రతిజ్ఞాపత్రానికి కట్టుబడి సంతకం చేయాలని పార్లమెంటు కోరింది. అంతకుముందు ఇంగ్లండు కేసుల్లో పశువు చచ్చింది, బిడ్డకు జబ్బు చేసిందన్న ఆరోపణలే ఎక్కువగా ఉండేవి. 1645 వాంగ్మూలాల్లో మాత్రం సైతానుతో చేసుకున్న ఒడంబడిక పదే పదే కనబడుతుంది. ఈ రెండింటికీ సంబంధం లేదనుకోవడం నాకు కష్టం. దేవునితో ఒప్పందం ఎవరు చేసుకున్నారో ఊరంతా లెక్క చూస్తున్నప్పుడు, సైతానుతో ఎవరు చేసుకున్నారన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

ఇందుకు జాన్ లోస్ కథ కన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. సఫక్ జిల్లా బ్రాండెస్టన్ గ్రామంలో ఆయన మతగురువు. వయసు ఎనభైకి దగ్గర. ఊరివాళ్ళతో దశాబ్దాల కోర్టు తగాదాలు ఉన్నాయి, రాజపక్షం వాడన్న పేరూ ఉంది. మామూలు రోజుల్లో అయితే ఆ తగాదాలు కోర్టు ఖర్చులతో సరిపోయేవి. 1645లో ఆయనను కొన్ని పగళ్ళూ రాత్రులూ నిద్రపోనీయకుండా, ఊపిరి ఆడనంతగా గదిలో అటూ ఇటూ పరుగెత్తించారు. ఫ్రామ్లింగ్‌హామ్ కోట దగ్గరి నీళ్ళలో దింపి మునుగుతాడో తేలుతాడో చూశారు. పవిత్ర జలం మంత్రగాణ్ణి లోనికి తీసుకోదు కాబట్టి తేలితే దోషి అని నమ్మకం. చివరికి ఆయన, పిశాచాన్ని పంపి సముద్రంలో ఒక ఓడను ముంచానని ఒప్పుకున్నాడు; తరువాత ఆ మాట వెనక్కి తీసుకున్నా ఎవరూ వినలేదు. ఆగస్టు 27న బెరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఒకే రోజు 18 మందిని ఉరితీశారు: పదహారుమంది స్త్రీలు, ఇద్దరు పురుషులు. ఆ ఇద్దరిలో ఆయన ఒకరు. అంత్యక్రియల ప్రార్థన చదవడానికి మరొక మతగురువు లేకపోవడంతో ఉరికంబం దగ్గర తనకు తానే చదువుకున్నాడు. ఆ ప్రార్థన ఉన్న పాత ప్రార్థనగ్రంథాన్ని పార్లమెంటు ఆ ఏడాదే నిషేధించింది. ఆ ముసలాయన చివరి మాటలు కూడా ఆ రోజు చట్టం ఒప్పనివే.

బెరీ విచారణకు ప్రత్యేక న్యాయసంఘాన్ని పంపినప్పుడు ఆ సంఘం నీటిపరీక్షను ఆపించిందని న్యాయంగా చెప్పాలి. అంటే పైనుంచి కాస్త పర్యవేక్షణ రాగానే కొంతైనా అదుపు వచ్చింది. పార్లమెంటు పక్షపు వార్తాపత్రిక ఒకటి కూడా ఈ ఉరిశిక్షలపై సందేహం వెలిబుచ్చింది. కాని రాజు సైన్యం హంటింగ్‌డన్ దాకా వచ్చిందన్న కబురుతో ఆ విచారణలే మధ్యలో వాయిదా పడ్డాయి; మిగిలిన నిందితులు జైలులోనే ఉండిపోయారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. యుద్ధ పన్నులతో ఊళ్ళు నలిగిపోతున్న ఆ రోజుల్లో స్టోమార్కెట్ పట్టణం హాప్‌కిన్స్ బృందానికి 23 పౌండ్లు చెల్లించింది; అది ఒక వ్యవసాయ కూలీకి ఏడాదిలో దొరికే కూలి కన్నా ఎక్కువ. ఇప్స్‌విచ్ అయితే ఖర్చుల కోసం ప్రత్యేకంగా పన్ను వేసింది. అయినా ఇదంతా డబ్బాశతో జరిగిందనడం తేలిక సమాధానం. పిలవని ఊరికి వాళ్ళు వెళ్ళలేదు. పిలిచిన ఊళ్ళు చాలా ఉన్నాయి.

ప్రశ్న: ఇటువంటి వేటలు కాథలిక్కులు ఎక్కువ చేశారా, ప్రొటెస్టెంట్లా? యుద్ధం జరిగిన ప్రతిచోటా ఇవి జరిగాయా?
– గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: రెండు వర్గాలూ చేశాయి. యూరప్ మొత్తం మీద మరణశిక్షలు 40,000 నుంచి 60,000 దాకా ఉంటాయని, వారిలో నాలుగింట మూడువంతులకు పైగా స్త్రీలని అంచనా. జర్మనీలో ముప్పైయేళ్ళ యుద్ధం (1618–48) నడుస్తున్నప్పుడు బాంబెర్గ్, వుర్ట్స్‌బుర్గ్ సంస్థానాల్లో కాథలిక్ ప్రభువు–బిషప్పులు వందల మందిని చంపించారు. బాంబెర్గ్ నగరాధ్యక్షుడు యొహానెస్ యూనియస్ 1628 జూలైలో జైలునుంచి కూతురు వెరోనికాకు దొంగచాటుగా ఉత్తరం రాశాడు. చిత్రహింస భరించలేక ఒప్పుకున్నానని, తాను నిర్దోషినని అందులో చెప్పుకున్నాడు. స్కాట్లండులో 1649–50 నాటి పెద్ద వేట కఠిన ప్రొటెస్టెంట్ల పాలనలో జరిగింది.

మీ రెండో ప్రశ్నకు మాత్రం లేదనే చెప్పాలి. సైన్యం స్వయంగా వచ్చి కూర్చున్నచోట వేటలు చాలాసార్లు ఆగిపోయాయి. ఒకవైపు చక్రవర్తి న్యాయసభ ఒత్తిడి, మరోవైపు స్వీడన్ సేనల రాకతో బాంబెర్గ్‌లో విచారణలు నిలిచాయి. 1651 తరువాత ఇంగ్లండు పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ సేనలు స్కాట్లండును ఆక్రమించి ఇంగ్లీషు న్యాయాధికారులను పెట్టినప్పుడు అక్కడ కేసులు బాగా తగ్గాయి. యుద్ధానికి దూరంగా ఉండి, దాని భయం మాత్రం ఉన్నచోట, స్థానిక పెద్దలే ఫిర్యాదీలూ న్యాయమూర్తులూ అయినచోట ప్రమాదం ఎక్కువ. స్పెయిన్ చూడండి: 1610లో లొగ్రోన్యోలో కొందరిని దహనం చేసిన తరువాత, సలజార్ అనే ఇన్‌క్విజిషన్ (కాథలిక్ మతన్యాయస్థానం) అధికారి ఊరూరా తిరిగి వందలాది వాంగ్మూలాలను పరిశీలించి, నమ్మదగ్గ ఆధారం ఒక్కటీ లేదని నివేదించాడు. కేంద్ర కార్యాలయం ఆ మాటను అంగీకరించడంతో ఆ దేశంలో ఇన్‌క్విజిషన్ చేతుల్లో మంత్రగత్తెల దహనాలు దాదాపు ఆగిపోయాయి. ఇన్‌క్విజిషన్ అంటే క్రూరత్వానికి మారుపేరు అనుకునే మనకు ఇది వింతగా తోచినా, నిజం.

ప్రశ్న: హాప్‌కిన్స్‌ను పార్లమెంటే నియమించిందా? అతణ్ణి కూడా నీళ్ళలో వేసి పరీక్షించి, తేలితే ఉరితీశారని విన్నాను.
– హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు

జవాబు: పార్లమెంటు అతనికి ఏ పదవీ ఇవ్వలేదు. మంత్రగత్తెల అన్వేషకాధిపతి అన్న బిరుదు అతను తనకు తాను పెట్టుకున్నదే. నీటిపరీక్ష కథ జనం న్యాయం జరగాలని కోరుకుని అల్లుకున్నది. అతను 1647 ఆగస్టులో, బహుశా క్షయతో, చనిపోయాడు. అతణ్ణి ఎదిరించినది జాన్ గాల్ అనే మతగురువు. ఈయనా పార్లమెంటు పక్షం వాడే, మంత్రవిద్య ఉందని నమ్మినవాడే. అయినా హంటింగ్‌డన్ ప్రాంతంలోని తన చర్చిలో ఈ పద్ధతులకు వ్యతిరేకంగా ప్రసంగించి, 1646లో పుస్తకం అచ్చువేయించాడు. ముడతలు పడిన ముఖం, గయ్యాళి నోరు ఉన్న ప్రతి ముసలామెనూ మంత్రగత్తె అంటున్నారని అందులో రాశాడు. మరుసటి ఏడు అసైజ్ న్యాయమూర్తుల ముందు హాప్‌కిన్స్ పద్ధతులపై ప్రశ్నలు లేచాయి. వాటికి సమాధానంగా అతను తన చిన్న పుస్తకం ప్రకటించుకున్నాడు.

అతను పోయినా పద్ధతి పోలేదు. 1648 మే నెలలో అట్లాంటిక్ అవతలి మసాచుసెట్స్ వలసరాజ్య సభ, ఇంగ్లండులో మంత్రగత్తెలను కనిపెట్టడానికి వాడిన కాపలా పద్ధతినే ఇక్కడా వాడాలని తీర్మానించింది. నాటువైద్యం చేసుకునే మార్గరెట్ జోన్స్ అనే స్త్రీని అలాగే కాపలా కాసి, జూన్‌లో బోస్టన్‌లో ఉరితీశారు.