అంగారకుడి వాతావరణ శిక్షణకు మా అమ్మాయిని పంపమంటారా?

చిత్తూరు నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది: “బెల్లం మండీలో వ్యాపారం చేస్తున్నాను. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతోంది. అంగారకుడి వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టడం నేర్పే ఐదు రోజుల వర్క్‌షాప్‌కు ఎంపికైంది. అది వేరే రాష్ట్రంలోని ఒక పరిశోధన సంస్థలో జరుగుతుంది. బస, భోజనం వాళ్లే చూసుకుంటారు, రైలు ఛార్జీలు మావి. అదే వారం బ్యాంకు పరీక్షల కోచింగ్ మొదలవుతోంది. ఫీజు కూడా కట్టేశాను. ఈ శిక్షణ వల్ల ఉద్యోగం వస్తుందా? పంపమంటారా?”

పంపండి. ఉద్యోగం మాత్రం రాదు. ఈ రెండు మాటలూ కలిపే చెబుతున్నాను, ఎందుకంటే మొదటిది ఒక్కటే విని పంపితే రేపు సర్టిఫికెట్ చూసి నిరాశ పడతారు. ఐదు రోజుల కోచింగ్ పాఠాలు తర్వాత రాబట్టుకోవచ్చు. బ్యాంకు పీఓ పరీక్షకు సాధారణంగా 30 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. ఆ తలుపు ఇప్పట్లో మూసుకోదు. కానీ ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లకు, పరిశోధకుల పక్కన కూర్చుని ‘ఈ పని నాకు ఇష్టమా, కాదా’ అని తేల్చుకునే అవకాశం మళ్లీ మళ్లీ రాదు. ఈ శిక్షణ వల్ల మీకు దక్కే అసలు లాభం ఆ జవాబే.

అక్కడ ఏం చేస్తారో కొంచెం దగ్గరగా చూపిస్తాను. గ్రహం మొత్తాన్ని అక్షాంశ రేఖాంశాల వెంట గడులుగా విడగొడతారు. ఒక్కో గడి మీద గాలిని పొరలు పొరలుగా పేరుస్తారు. ప్రతి పొరలో వేడి, పీడనం, గాలివాటం, ధూళి ఎంతో ఇచ్చి, భౌతికశాస్త్ర సమీకరణాలతో కొద్ది నిమిషాల చొప్పున కాలాన్ని ముందుకు జరుపుతారు. మన తుపాన్ల అంచనాలకు వాడే పద్ధతి కూడా ఇదే. ఇలా వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామునే నమూనా అంటారు. నిజానికి 1969లో కాన్వే లియోవీ, యేల్ మింట్జ్ అనే శాస్త్రవేత్తలు భూమి కోసం తయారైన నమూనానే మార్చి అంగారకుడికి వాడారు. కాబట్టి మీ అమ్మాయి అక్కడ నేర్చుకునేది ఇక్కడి వానకూ పనికొస్తుంది.

ఇలాంటి శిక్షణలో చేయదగ్గ మంచి అభ్యాసం ఒకటి ఉంది. 1976లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక వైకింగ్-1 అక్కడి గాలి పీడనాన్ని ఏళ్ల తరబడి కొలిచింది. అది ఏడాది పొడవునా సుమారు 7, 9 మిల్లీబార్ల మధ్య ఊగుతుంది. మన తిరుపతిలో పీడనం వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది, వానకాలమైనా ఎండాకాలమైనా పెద్దగా మారదు. అక్కడ అంత తేడా ఎందుకు? గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే. ధ్రువాల దగ్గర చలికాలం వస్తే ఆ గాలే గడ్డకట్టి నేల మీద పేరుకుంటుంది, ఎండ రాగానే మళ్లీ ఆవిరవుతుంది. అందుకే పీడనం గీతలో ఏడాదికి రెండు పల్లాలు కనిపిస్తాయి, ఒక్కో ధ్రువపు చలికాలానికి ఒకటి. ఈ గడ్డకట్టడాన్ని నమూనాలోంచి తీసేసి నడిపితే ఆ గీత దాదాపు చదునైపోతుంది. విద్యార్థి ఆ రెండు గీతలనూ తెరపై పక్కపక్కన పెట్టి చూసిన క్షణంలో అర్థమయ్యే సంగతి, పుస్తకంలో పది పేజీలు చదివినా అర్థం కాదు.

మీకు పంచాంగం అలవాటే అనుకుంటాను. అంగారకుడి ఋతువులను కూడా మన సంక్రమణాల్లాగే లెక్కిస్తారు. సూర్యుడి స్థానాన్ని 0 నుంచి 360 డిగ్రీలుగా తీసుకుని, 30 డిగ్రీలకు ఒక నెల అంటారు. మన సౌరమాసాలు 29 నుంచి 32 రోజుల వరకు మారితే, అంగారకుడి కక్ష్య ఎక్కువ సాగి ఉండటం వల్ల అక్కడి నెలలు 46 నుంచి 67 అంగారక దినాల వరకు మారుతాయి. సౌరమానం తెలిసిన ఇంటి పిల్లకు ఇది కొత్త లెక్కేమీ కాదు.

ఇక వెళ్లేలోపు ఆమె చేయాల్సిన పని ఉంది. ఇలాంటి చోట పిల్లలు ఎక్కువగా తడబడేది ఫిజిక్స్‌లో కాదు, విండోస్‌కు బదులు అక్కడి కంప్యూటర్లను నడిపే లైనక్స్‌లో. మొదటి రెండు రోజులూ ప్రోగ్రామును ఎక్కించుకోవడానికే సరిపోతాయి. లైనక్స్ ప్రాథమిక ఆదేశాలు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫు గీయడం ముందే నేర్చుకుని వెళ్లమనండి. పారిస్ పరిశోధకుల ‘మార్స్ క్లైమేట్ డేటాబేస్’లో ఇంటి దగ్గరి నుంచే ఒక చోటు, ఒక ఋతువు ఎంచుకుని అక్కడి వేడి, పీడనం ఉచితంగా చూడవచ్చు. నాసా ఏమ్స్ కేంద్రం కూడా తన నమూనాను అందరికీ అందుబాటులో పెట్టింది. ఇవన్నీ ఉచితంగా దొరుకుతుంటే, కేవలం సర్టిఫికెట్ కోసం వేలు అడిగే శిక్షణలకు ఎవరు చెప్పినా డబ్బు కట్టవద్దు. మీ అమ్మాయికి వచ్చినది అలాంటిది కాదు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. ఇతర గ్రహాల వాతావరణం మీదే పనిచేసే చోట్లు మన దేశంలో కొద్ది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ వాటిలో ముఖ్యమైనవి. వాటికి ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ కావాలి. అంటే ఇంకో ఏడెనిమిదేళ్ల చదువు. ఐఐటీల వంటి చోట్ల ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, తర్వాత పీహెచ్‌డీ కోసం నెట్ లేదా గేట్ పరీక్ష. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదట నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది కనుక ఆ చదువు భారమంతా మీ మీద పడదు. ఇదే నైపుణ్యంతో భూమి వాతావరణం వైపు వస్తే చోట్లు ఎక్కువ: వాతావరణ శాఖ, పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, గాలిమరలకూ సౌరవిద్యుత్తుకూ ముందస్తు అంచనాలు ఇచ్చే ప్రైవేటు కంపెనీలు.

అన్నిటికంటే దగ్గరిది మీరు రోజూ చూసేదే. చిత్తూరు నుంచి తిరుపతి వచ్చేటప్పుడు గాదంకి టోల్‌గేట్ దాటుతారు కదా. ఆ గాదంకిలోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో 1,024 యాంటెన్నాలు పొలంలో నాటిన వరుసల్లా నిలబడి, పైగాలుల కదలికలను కొలుస్తాయి. పరిశోధన చేయాలంటే దూరదేశం పోవాలని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. మీ అమ్మాయికి అది బస్సు దూరంలోనే ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం అక్కడి శాస్త్రవేత్తలకు రాసే రోజున, ‘నేను ఒక నమూనాను నా చేత్తో నడిపాను’ అన్న ఒక్క వాక్యానికి విలువ ఉంటుంది.

కోచింగ్ వాళ్లకు ఈరోజే ఫోన్ చేసి, ఒక వారం ఆలస్యంగా చేరుతుందని చెప్పండి. ఆమె తిరిగి వచ్చాక ఆ పీడనం గీతను ముందు పెట్టి, రెండు పల్లాలు ఎందుకు వచ్చాయో మీకు తెలుగులో చెప్పమనండి. ఇష్టంగా చెప్పి, మీరడిగిన ఎదురు ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి కూర్చుంటే, జామ్ పుస్తకాలు కొనండి. అలసిపోయి ‘ఏదో చెప్పారు నాన్నా’ అంటే, బ్యాంకు కోచింగ్ ఉండనే ఉంది. అప్పుడు ఆమెను ఒక్క మాట కూడా అనవద్దు.