సమాధులు తొలిచినవారి ఊరు: ప్రాచీన ఈజిప్టు సామాన్యుల జీవితం

ప్రాచీన ఈజిప్షియన్లు బతికినన్నాళ్లూ మరణం గురించే ఆలోచించేవారా, సామాన్యులకు ఫారోల కింద బానిస బతుకు తప్ప మరొకటి ఉండేది కాదా అని మీరు అడిగారు. ఈ సందేహం సహజమే. హైదరాబాదులో పెరిగిన నాలాంటివారికి ఈజిప్టుతో తొలి పరిచయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీయే. అయితే ఈజిప్టులోని లక్సర్ నగరానికి వెళ్లి, నైలు నదికి పడమటి వైపున ఉన్న దేర్ ఎల్ మదీనా గ్రామ శిథిలాలలో తిరిగిన తరువాత, ఆ ప్రజలు జీవితాన్ని అమితంగా ప్రేమించారు కనుకనే అది మరణంతో ముగిసిపోతుందని ఒప్పుకోలేకపోయారన్న అభిప్రాయం నాలో స్థిరపడింది.

రాజుల లోయలో కొండను తొలిచి ఫారోల సమాధులు నిర్మించిన పనివారు తరతరాలుగా కాపురమున్న ఊరు ఇది. గీజా పిరమిడ్ల కాలానికి ఇది వెయ్యేళ్లు తరువాతిది. గోడకు గోడ ఆనించి కట్టిన ఇరుకైన పొడవాటి ఇళ్లు, ఒకదాని వెనుక ఒకటిగా గదులు, చివరన వంట చేసుకునే చోటు, పైకప్పు మీదికి మెట్లు ఇప్పటికీ పోల్చుకోవచ్చు. ఊరిలో నీరు లేదు. గాడిదల మీద తెప్పించుకోవలసిందే.

ఈ ఊరి విశేషం దాని రాతకోతలలో ఉంది. రెల్లు వంటి మొక్కతో చేసే కాగితం, పపైరస్, ఖరీదైనది కనుక వారు సున్నపురాయి పెచ్చుల మీద, కుండ పెంకుల మీద లెక్కలు, ఉత్తరాలు, తగాదాలు రాసుకున్నారు. అవి వేల సంఖ్యలో దొరికాయి. వాటిలో ఒకటి, ఫారో రెండవ రామ్సెస్ 40వ పాలనా సంవత్సరం నాటి హాజరు పట్టిక, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అక్కడ దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. పనివారి పేర్లు, వారు రాని రోజులు నల్ల సిరాతోనూ, ఆ రోజుకు పైన కారణం ఎర్ర సిరాతోనూ రాసి ఉన్నాయి. ఒకరిని తేలు కుట్టింది. ఒకరికి కంటి జబ్బు. ఒకరు బీరు కాచుకుంటున్నారు. మరొకరు చనిపోయిన తల్లి దేహానికి వస్త్రాలు చుట్టుతున్నారు. ఇంటి ఆడవారి నెలసరి కూడా సెలవుకు కారణంగా నమోదైంది. మూడు వేల ఏళ్ల నాటి మనిషి ఇంత దగ్గరగా కనిపించడం నాకు మరెక్కడా అనుభవం కాలేదు.

వీరు బానిసలు కారు. జీతం ధాన్యం రూపంలో ముట్టేది. చేపలు, కూరగాయలు, కట్టెలు కూడా ప్రభుత్వమే పంపేది. పిండి విసరడానికి కేటాయించిన దాసీలు మాత్రం ఉండేవారు కనుక, దాస్యం అసలే లేదనడం సరికాదు. మూడవ రామ్సెస్ 29వ పాలనా సంవత్సరంలో, అంటే సుమారు క్రీ.పూ. 1157లో, ధాన్యం సకాలంలో అందకపోవడంతో పనివారు పనిముట్లు వదిలి, ఊరు దాటి వెళ్లి, మూడవ థుట్మోస్ ఆలయం వెనుక బైఠాయించారు. ఆకలిదప్పులతో వచ్చామనీ, బట్టలు, నూనె, చేపలు, కూరగాయలు లేవనీ, ఈ సంగతి ఫారోకు తెలియజేయమనీ వారు అధికారులకు చెప్పిన మాటలు ఇటలీలోని ట్యూరిన్ నగరంలో భద్రపరచిన పపైరస్‌లో ఉన్నాయి. చరిత్రలో లిఖితపూర్వకంగా నమోదైన తొలి సమ్మె ఇదేనంటారు. దేవుడిగా కొలిచే రాజును కూలి అడగగలిగిన ఈ ధైర్యం నాకు పిరమిడ్ కంటే గొప్పదిగా తోస్తుంది.

ఇక విశ్వాసాల విషయానికొస్తే, ఇళ్లకు ఆనుకున్న కొండవాలులోనే వారు తమ సమాధులను కూడా తొలుచుకున్నారు. 1886లో బయటపడిన సెన్నెజెమ్ సమాధిలో రంగులు నిన్న వేసినంత తాజాగా ఉన్నాయి. పరలోకాన్ని చూపే గోడ మీద సెన్నెజెమ్ మచ్చల ఎడ్లతో దున్నుతుంటే, భార్య ఇయ్‌నెఫెర్తి వెనుక విత్తనాలు చల్లుతుంది; పక్కనే పైరు కోత; కింద కాయలతో నిండిన ఖర్జూర చెట్లు; చుట్టూ నీలి కాలువ. చనిపోయినవారి హృదయాన్ని సత్యదేవత మాత్ ఈకతో తూచి, దానికి సరితూగినవారికే ఆ లోకంలోకి ప్రవేశం ఇస్తారని వారి నమ్మకం. వారు కోరుకున్న స్వర్గం, కరువు లేని తమ పొలమే.

స్త్రీల స్థితి కూడా గమనించదగినది. ఐదవ రామ్సెస్ కాలంలో ఇదే ఊరికి చెందిన నౌనఖ్తే అనే వృద్ధురాలు సాక్షుల ముందు వీలునామా రాయించింది. ఎనిమిది మంది బిడ్డలను పెంచి పెద్దచేశాననీ, ముసలితనంలో తనను ఆదుకున్నవారికే తన ఆస్తి చెందుతుందనీ, పట్టించుకోని వారికి తన వాటా దక్కదనీ ఆమె స్పష్టంగా చెప్పింది. తండ్రి ఆస్తిలో మాత్రం వారి హక్కును కాదనలేదు. బాగా చూసుకున్న కొడుకుకు ఒక కంచు పాత్ర అదనంగా ఇచ్చింది.

మీరు లక్సర్ వెళితే, రాజుల లోయ చూశాక తిరిగి వచ్చేయకుండా ఈ ఊరికి ఒక పూట కేటాయించండి. టూరు ప్యాకేజీలలో దీనిని చాలాసార్లు వదిలేస్తారు కనుక, గైడుకు ముందుగానే చెప్పి ఉంచడం మంచిది.